తొంభై శాతం పూర్తయిన తుపాకీ

ఇంట్లో కూర్చుకునే పాతకాలపు తుపాకీ కిట్ ఒకటి తెప్పించాను. అమ్మినవాళ్ల లెక్కలో తొంభై శాతం పని వాళ్లే చేసి పంపారు. మిగిలిన పది శాతానికి నాకు జనవరి నుంచి మే దాకా పట్టింది. అబద్ధం చెప్పారని అనను. పందిరి వేసేశాం, ఇంక వంటే మిగిలింది అన్నట్టు చెప్పారు, అంతే.

నేను పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ దగ్గర పళ్ల డాక్టర్ని. తుపాకులంటే మోజు లేదు, వేటకూ వెళ్లను. లాండిస్ వ్యాలీ మ్యూజియంలో లాంగ్ రైఫిళ్లు చూసిన రోజు నుంచీ ఆ మేపుల్ చెక్క మీది చారలు మాత్రం బుర్రలోంచి పోలేదు. 1700ల్లో ఈ చుట్టుపక్కల స్థిరపడ్డ జర్మన్ పనివాళ్లు తమ దేశపు పొట్టి వేట తుపాకీని సాగదీసి, సన్నబరిచి చేసిన రకం ఇది. కెంటకీ రైఫిల్ అని పేరు పడింది గానీ పుట్టిల్లు ఇక్కడే. నేను తెప్పించిన కిట్ జేకబ్ డికర్ట్ అనే లాంకాస్టర్ పనివాడి శైలిలోది. 50 క్యాలిబర్ (అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం), 44 అంగుళాల గొట్టం, 1,300 డాలర్లు. మూతివైపు నుంచి మందు కూరే ఇలాంటి చెకుముకి తుపాకీని 1968 నాటి ఫెడరల్ చట్టం పురాతన ఆయుధాల కింద లెక్కేస్తుంది కాబట్టి పెట్టె తిన్నగా గుమ్మంలోకే వచ్చింది. రాష్ట్రాల చట్టాలు వేరు, ఆర్డర్ పెట్టేముందు మీదేమిటో చూసుకోండి.

పెట్టెలో అన్నిటికంటే బాగున్నది లాక్, అంటే మందుకు నిప్పంటించే యంత్రం. దానికి వంక పెట్టలేను. చెకుముకి రాయి పట్టుకునే దవడలు, రాయి గీరుకునే ఉక్కు రేకు, దాని కింద మందు పోసే చిన్న పళ్లెం, మూడు స్ప్రింగులు. చీకటి గరాజ్‌లో మందు లేకుండా ఉత్తినే కొట్టి చూశాను. రవ్వలు నేరుగా పళ్లెంలోకి రాలి, అక్కడ కూడా ఒక్క క్షణం చిటపటలాడాయి. రాయి నిప్పు కక్కుతుందనుకుంటాం గానీ, రాయి చెక్కేసిన ఉక్కు పొట్టే గాల్లో మండుతుంది. అందుకే ఉక్కు సరైన పదునులో లేకపోతే ఎంత ఖరీదైన రాయి పెట్టినా దండగ.

అసలు పని చెక్కలో ఇనుమును కూర్చోబెట్టడం. గొట్టం గాడి మిషన్ మీద బాగానే తీశారు. భుజానికి ఆనించే మడమకు వేసే ఇత్తడి పట్టీ మాత్రం పోత పోసినట్టే గరుగ్గా ఉంది, దానికి తగ్గట్టు చెక్కను మనమే చెక్కుకోవాలి. పాతవాళ్లు ఇనుముకు దీపం మసి పూసి, చెక్కకు అదిమి, మసి అంటిన చోటల్లా ఉలితో గీకేవాళ్లు. పంటికి క్యాప్ వేశాక 'కొరకండి' అంటూ నీలం కాగితం పెడతాం చూడండి, అదే పద్ధతి. నేను క్లినిక్ నుంచి ఆ కాగితమే తెచ్చుకున్నాను. నీలం చుక్క కనపడ్డచోట గీకడం, మళ్లీ అదమడం. ఒక్క పట్టీకి మూడు ఆదివారాలు పోయాయి. నా పేషెంట్లు ఇంత ఓపిగ్గా నోరు తెరిచి ఉంటే బాగుండు!

ఇక నా ఫిర్యాదు. లాక్‌ను బిగించే బోల్టుల్లో ముందువైపుది, గొట్టానికీ దాని కింద గుండు దిగ్గొట్టే కడ్డీ దూరే కంతకూ మధ్య నుంచి పోవాలి. నాకొచ్చిన చెక్కలో ఆ కంత లోపలికి వెళ్లేకొద్దీ పైకి లేచింది. బోల్టు పెడితే కడ్డీ దూరదు, కడ్డీ దూరిస్తే బోల్టు పట్టదు. ఫొటోలు తీసి పంపాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది: బోల్టుకు కొంచెం ఆకురాయి పెట్టండి, అందరూ అదే చేస్తారు అని. కనుక్కుంటే నిజంగా అందరూ అదే చేస్తారట. ఆ ముక్క కిట్‌తో వచ్చిన కాగితంలో రాస్తే ఏం పోయింది? కాగితమంటే రెండు పేజీలు. గొట్టాన్ని చెక్కకు పట్టించే మేకుల దగ్గర, గొట్టం అడుగున ఉండే ఇనుప చెవుల్లో కంతలు కొంచెం పొడవుగా తీయాలన్న సంగతి కూడా అందులో లేదు. చెక్క చెమ్మకు సాగుతుంది, ఎండకు కుదించుకుంటుంది. గొట్టం అలా కదలదు. కంత బిగుతుగా ఉంటే ఆ లాగులాటలో చెక్క చీలుతుంది. మా వీధి చివరి పెద్దాయన చెప్పకపోతే నేనూ గుండ్రటి కంతలే పెట్టేదాన్ని.

రంగు వేసిన రోజు మాత్రం ఈ కోపమంతా పోయింది. నత్రికామ్లంలో ఇనుము కరిగించిన పాత ద్రావణం ఒకటుంది. పూయగానే చెక్క పాచి పట్టిన మెట్టులా ఆకుపచ్చగా తేలింది. చెడగొట్టాననే అనుకున్నాను. హీట్ గన్‌తో మూతి దగ్గర మొదలుపెట్టాను. వేడి తగిలినచోట ఆకుపచ్చ కరిగి ఎరుపు, ఎరుపు ముదిరి గోధుమ, ఆ గోధుమలోంచి పులి చారలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. తర్వాత ఆమ్లం విరగడానికి వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, అవిసె నూనె పట్టించాను.

గొట్టానికి తుప్పు రంగు ఎక్కించడానికి గెస్ట్ బాత్రూమ్‌లో వేడినీళ్ల షవర్ వదిలి మూడు రోజులు ఆవిరి పట్టాను. ఆ మూడు రోజులూ మా ఆయన ఆ తలుపు వైపు కన్నెత్తి చూడలేదు.

జూన్‌లో షూటింగ్ రేంజికి తీసుకెళ్లాం. 60 గ్రెయిన్ల (దాదాపు నాలుగు గ్రాముల) నల్ల తుపాకీమందు, గుడ్డలో చుట్టిన సీసపు గుండు. వీటిలో ఆ నల్ల తుపాకీమందే వాడాలి; పొగలేని కొత్త రకం మందు పోస్తే గొట్టమే పేలిపోతుంది. మొదటిసారి పళ్లెంలో భగ్గుమంది, గొట్టంలో ఉలుకూ పలుకూ లేదు. మూతి గురివైపే ఉంచి నిమిషం ఆగి, నిప్పు దూరే కంతను సూదితో పొడిచాను. నేను పూసిన నూనే అక్కడ చేరి అడ్డుపడింది. రెండోసారి చిటుక్కుమనడం, ఢామ్మనడం రెండుగా వినపడలేదు. 50 గజాల్లో అట్ట మీద కంత పడింది, నేను గురిపెట్టిన చోటికి బెత్తెడు ఎడంగా.

చెక్కపని అసలే రానివాళ్లకు దీన్ని కొనమని చెప్పను. ఉలి, ఆకురాయి పట్టడం వచ్చి, ఆదివారాలు ఖాళీగా ఉంటే లాక్ కోసం, చెక్క కోసం ఆ 1,300 పెట్టొచ్చు. కడ్డీ మాత్రం వేరే కొనుక్కోండి. నాకొచ్చిన హికరీ చెక్క కడ్డీలో పోగు ఏటవాలుగా పోయింది. గుండు దిగ్గొట్టేటప్పుడు అలాంటిది విరిగితే మొన అరచేతిలో దిగుతుంది, నా చేతులు నాకు అన్నం పెడుతున్నాయి. నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. అయిదోది ఆ రెండు పేజీల కాగితం రాసినవాళ్లు ఇంకో పది పేజీలు రాశాక చూద్దాం.