బోనా, మందా, గమ్ ప్యాడా? కుక్కా పిల్లీ ఉన్న ఇంట్లో ఎలుకల బెడదకు ఏది మేలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు వరి కోతలు మొదలయ్యాయంటే ఇళ్లలో ఎలుకల గొడవ మొదలైనట్టే. పొలంలో తిండీ చాటూ పోయాక కల్లం దాకా, అక్కణ్ణుంచి గాదె దాకా, చివరికి వంటింటి అటక మీదికి వచ్చేస్తాయి. కిరాణా కొట్లో అడిగితే మామూలుగా చేతిలో పెట్టేవి మూడు: వైరు బోను, గమ్ ప్యాడ్ (జిగురు పూసిన అట్ట), ఎలుకల మందు. ఏది చవక, ఏది త్వరగా పనిచేస్తుంది అనేది ఒక లెక్క. ఇంట్లో పిల్లి, గుమ్మంలో కుక్క, పెరట్లో కోళ్లు ఉంటే లెక్క మారిపోతుంది. ఎలుక ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ చస్తుంది అనేది మన చేతిలో ఉందా లేదా? నేను మొదట చూసేది ఇదే.

అసలు వచ్చిందెవరో ముందు తేల్చుకోవాలి. రెట్టలు బియ్యపు గింజంత సన్నగా ఉంటే చిట్టెలుక. అంతకు రెండు మూడింతలు లావుగా ఉంటే పెద్ద ఎలుక. పెరట్లో మట్టి కుప్పపోసి బొరియ తవ్వితే పందికొక్కు, దానికి చిన్న బోను చాలదు. కీచుకీచుమంటూ గోడ వారన పరుగెత్తి, కంపు వదిలిపోయేది చుంచు. అది ఎలుక జాతే కాదు, బొద్దింకల్నీ పురుగుల్నీ తిని బతుకుతుంది. పిల్లి చంపినా సాధారణంగా తినకుండా వదిలేస్తుంది. దాని కోసం డబ్బు ఖర్చు పెట్టడం దండగ, తలుపు తీసి బయటికి తోలేస్తే చాలు.

మందు సంగతి. అందరం ఒకే పేరుతో అడుగుతాం గానీ లోపలి సరుకు వేరు వేరు. రంగు బిళ్లలుగా, కేకులుగా వచ్చేది ఎక్కువగా బ్రోమాడయోలోన్. ఇది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో నీరసంగా, తూలుతూ తిరుగుతుంది. అలాంటి ఎలుకను పట్టడానికి పిల్లి కష్టపడక్కర్లేదు. దాన్ని తిన్న పిల్లి ఒంట్లోకీ మందు చేరుతుంది, పొలంలో ఎలుకల్ని ఏరుకు తినే గుడ్లగూబకూ అదే గతి. కుక్కయితే నేరుగా బిళ్లనే నమిలేస్తుంది, ఎలుకకు రుచించాలని గింజల పిండితోనే కదా దాన్ని చేసేది. దీనికి విటమిన్ కె1 అనే విరుగుడు ఉంది గానీ వారాల తరబడి ఇవ్వాల్సి వస్తుంది.

నల్లటి పొడిగా అమ్మేది జింక్ ఫాస్ఫైడ్. పొట్టలోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ గ్యాస్ పుడుతుంది. దీనికి విరుగుడే లేదు. తిన్న కుక్క కక్కుకుంటే ఆ గ్యాస్ పక్కనున్న మనుషులకూ ప్రమాదమే, కాబట్టి తలుపులూ కిటికీలూ తెరిచేయాలి. ట్యూబులో వచ్చే పేస్టుల్లో పసుపు భాస్వరం ఉండేది కాలేయాన్ని తినేస్తుంది, దానికీ విరుగుడు లేదు. ఈ పేస్టును టమాటా ముక్క మీదో పకోడీ మీదో రాసి మూల పెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. ఆ పకోడీ ఎలుకకే కాదు, కుక్కకూ పకోడీయే, పాకే పిల్లాడికీ పకోడీయే.

పైగా మందు తిన్న ఎలుక నీళ్ల కోసం బయటికెళ్లి చస్తుందని చెబుతారు, నమ్మకండి. అటక మీదో, గాదె కిందో, దూలం సందులోనో చస్తుంది, కంపు కొట్టేదాకా తెలీదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టని సామెత ఊరికే రాలేదు.

కుక్కో పిల్లో మందు తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. బ్రోమాడయోలోన్ అయితే చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం, నల్లటి విరేచనం కొన్ని రోజుల తర్వాత గానీ కనిపించవు, అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయొద్దు. మందు ప్యాకెట్ చేతిలో పట్టుకుని పశువుల డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి, మందు పేరు తెలిస్తేనే వైద్యం సరిగ్గా మొదలవుతుంది. పశువైద్య సంచార అంబులెన్సుకు 1962 నంబర్ ఉంది. విజయనగరం జిల్లా వాళ్లకు గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది.

ఇక గమ్ ప్యాడ్. "ఇందులో విషమేటీ లేదు బాబూ, కుక్కకేటీ అవదు" అని కొట్టతను చెబుతాడు. విషం లేని మాట నిజమే. కానీ మూడింట్లో నాకు బొత్తిగా నచ్చనిది ఇదే. అంటుకున్న ఎలుక గంటల తరబడి గింజుకుంటుంది, బొచ్చూ చర్మమూ ఊడొస్తాయి, ఆకలికీ దాహానికీ నిదానంగా చస్తుంది. బల్లి, పిచ్చుక, పిల్లికూన, ఏది కాలు పెట్టినా అంతే. ఇవి వాడొద్దని భారత జంతు సంక్షేమ బోర్డు ఎప్పుడో చెప్పింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. మీ పిల్లి పాదానికి జిగురు అంటుకుంటే లాగకండి. వంటనూనె రాసి మెల్లగా నలిపి విడదీసి, తర్వాత సబ్బునీళ్లతో కడగండి. కిరోసిన్, థిన్నర్ జోలికి పోవద్దు, పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది.

చెక్క మీద స్ప్రింగు ఉండి టప్పున కొట్టే ఉచ్చు వీటికంటే నయం. గట్టి స్ప్రింగు ఉన్నదైతే ఎలుక క్షణంలో పోతుంది. కానీ కుక్క ముక్కు, పిల్లి కాలు కూడా క్షణంలోనే పడతాయి. పెట్టాలనుకుంటే చిట్టెలుక మాత్రమే దూరేలా చిన్న కన్నం చేసిన చెక్కపెట్టెలో పెట్టి, మూత బిగించి, గోడకు ఆనించండి.

నా ఓటు బోనుకే. అయితే కొనేటప్పుడే చూసుకోవాలి. పెద్ద ఎలుకల కోసం చేసిన బోనులో కడ్డీల మధ్య సందు ఎక్కువ, చిట్టెలుక ఎర తిని ఆ సందులోంచే వెళ్లిపోతుంది. సన్న జాలీ ఉన్నది తీసుకోండి. కొక్కేనికి తగిలించే ఎరలో మనవాళ్ల మొదటి మాట ఎండుచేప. పిల్లి ఉన్న ఇంట్లో మాత్రం అది పనికిరాదు, రాత్రంతా పిల్లే బోనును దొర్లిస్తుంది. వేయించిన పల్లీ, కొబ్బరి ముక్క, పలాస వైపు వాళ్లయితే విరిగిన జీడిబద్ద పెట్టండి. కొక్కేనికి గట్టిగా గుచ్చాలి, వదులుగా పెడితే తలుపు పడకుండానే లాక్కుపోతుంది. బోను గోడ వెంబడే ఉండాలి, ఎలుక గది మధ్యలోంచి పోదు. ఏ దారిన తిరుగుతోందో తెలియకపోతే రాత్రి పడుకునే ముందు పల్చగా ముగ్గుపిండి చల్లండి. తెల్లారేసరికి అడుగుల జాడ ఏ మూలకు పోయిందో కనిపిస్తుంది. బియ్యప్పిండి చల్లితే అదే తినేసిపోతుంది.

పట్టాక ఏం చేయాలి? అసలు చిక్కు ఇక్కడే. బకెట్ నీళ్లలో ముంచడం చాలా ఇళ్లలో జరిగేదే, అది జాలితో చేసే పని మాత్రం కాదు. పెరట్లో వదిలి కుక్కను ఉసిగొల్పడం కూడా వద్దు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నది అటుంచి, ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కుక్కకూ వస్తుంది, మనిషికీ వస్తుంది. మీ కుక్కకు ఏటా వేయించే టీకాలో లెప్టో ఉందో లేదో ఈ వంకన ఒకసారి అడగండి. వదలాలంటే ఊరికి దూరంగా, తుప్పలున్న చోట, చీకటి పడే వేళ వదలాలి. పక్కింటి గడ్డివాములోనో ఎవరి చేలోనో వదిలితే మన బాధ వాళ్లకు అంటగట్టినట్టే. ఇంట్లో పెరిగిన చిట్టెలుక బయట ఎక్కువ కాలం బతకకపోవచ్చు, వదిలేశాం కాబట్టి పుణ్యం వచ్చిందనుకోనక్కర్లేదు. అంత దూరం వెళ్లే ఓపిక లేనివాళ్లకు బకెట్ కంటే పెట్టెలో పెట్టిన స్ప్రింగు ఉచ్చే న్యాయం. బోనును మాత్రం పొద్దున్నా సాయంత్రం తప్పకుండా చూడాలి, తిండీ నీళ్లూ లేకుండా చిట్టెలుక ఎక్కువసేపు ఉండలేదు.

శబ్దంతో ఎలుకల్ని తరిమే ప్లగ్ పరికరాల మీద నాకు నమ్మకం లేదు. వాటి ప్రచారానికి ఆధారాలు చూపాలని 2001లోనే అమెరికా ప్రభుత్వ వాణిజ్య నియంత్రణ సంస్థ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) తయారీదారులను హెచ్చరించింది. ఎలుకలు రావని మూలల్లో వేసే కలరా ఉండలు కుక్కకూ పిల్లికీ విషం. ఇక పిల్లిని పెంచితే చాలు కదా అంటారా? కొన్ని పిల్లులు పడతాయి, కొన్ని పాలు తాగి పడుకుంటాయి.

ఏ పద్ధతి ఎంచుకున్నా కన్నాలు మూయకపోతే అంతా వృథా. చిట్టెలుక కడుపుతో ఉండేది సుమారు 20 రోజులే, ఈతకు అయిదారు పిల్లలు. పట్టేకొద్దీ పుడుతూనే ఉంటాయి. పెన్ను దూరే సందు చాలు దానికి. పెంకుటిల్లయితే దూలం గోడలోకి దిగే చోట, మిద్దె అయితే సింకు గొట్టం చుట్టూ, గ్యాస్ గొట్టం కన్నం దగ్గర, తలుపు కింద వెతకండి. గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి పైన సిమెంట్ మెత్తండి. గుడ్డ, కాగితం, థర్మాకోల్ పెడితే కొరికేస్తుంది. తూముకు సన్న జాలీ బిగించండి. అన్నీ ఒకేసారి మూసేస్తే లోపల ఉన్నవి లోపలే చిక్కుకుంటాయి. ఒక్కటి ఉంచి, దాని దగ్గర బోను పెట్టి, కొన్నాళ్లు ఏదీ పడకపోయాక అదీ మూయండి.

రెట్టలు పొడిగా ఊడ్చకండి. బ్లీచింగ్ నీళ్లు చల్లి, నాననిచ్చి, తడిగుడ్డతో తీసేయండి. ఆరేదాకా కుక్కనూ పిల్లినీ అటు రానివ్వొద్దు. ఇంకొకటి, రాత్రిపూట ఎలుకకు మనమే భోజనం పెడుతుంటాం, కుక్క గిన్నెలో మిగిలిన అన్నం రూపంలో. పడుకునే ముందు ఆ గిన్నె కడిగి బోర్లించండి, కోళ్లకు చల్లిన నూకలు చీకటి పడకముందే ఊడ్చేయండి, బియ్యం గోనెసంచిలో కాకుండా మూతున్న డ్రమ్ములో పోసుకోండి.