11 ఏళ్లు, 14 బొంతలు: నిలిచిన కుట్టు, నిలవని కుట్టు

హనుమకొండలోని మా ఇంట్లోనూ, ఆదిలాబాద్‌లో మా అమ్మాయి ఇంట్లోనూ కలిపి నేను చేత్తో అతికిన బొంతలు 14 ఉన్నాయి. మొదటిదానికి 11 ఏళ్లు నిండాయి. ముక్కలు ఎలా కత్తిరించాలి, ఏ రంగు పక్కన ఏ రంగు వేయాలి అంటే చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. అతికిన పైగుడ్డ, మధ్యలో దూది, అడుగున అస్తరు, ఈ మూడింటినీ కలిపి పట్టి ఉంచే కుట్టు ఏ డిజైనులో వేయాలో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. ఐదు రకాలు కుట్టి, ఏళ్ల తరబడి కప్పుకుని, ఉతికి తెలుసుకున్నాను.

మొదటి బొంతకు నిలువు గీతలు వేశాను. అంతకంటే సులువైన డిజైను లేదు. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు, బెత్తెడుకో గీత. మూడు అంగుళాల ఎడంతో లెక్క వేస్తే మొత్తం కుట్టు 45 మీటర్లకు మించదు. లోపల ఏకించిన దూది పరిచాను. చుట్టూ పత్తి పండే నేల కాబట్టి దూదికి కొదవ లేదు. ఆ చలికాలమంతా బాగానే ఉంది. ఎండాకాలంలో ఒకసారి ఉతికి తీగ మీద నిలువుగా ఆరేశాం. తడిసిన దూది బరువెక్కి, రెండు గీతల మధ్య గొట్టంలో జారినట్టు కిందికి జారింది. ఆరాక చూస్తే తలవైపు ఉత్త గుడ్డ, కాళ్లవైపు ముద్దలు. గీతల మధ్య దూరం సరిగ్గానే ఉంది. లోపమల్లా ఆ గీతలకు అడ్డుకట్టలు లేకపోవడమే. ఏకిన దూది పోగులకు ఒకదానితో ఒకటి పట్టు తక్కువ. దాన్ని నాలుగువైపులా మూసిన గడిలో ఉంచితేనే ఉన్నచోట ఉంటుంది.

అదే నిలువు గీతలు పొరలా చుట్టి అమ్మే దూదికి వేసినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. ఆరేళ్లుగా వాడుతున్నాం. ఆ పొరలో పోగులను ముందే ఒకదానిలో ఒకటి చిక్కేలా చేసి ఉంచుతారు. ఎంత ఎడంగా కుట్టవచ్చో ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. ఆ అంకె చూడకుండా డిజైను గీయడం మొదలుపెట్టకండి.

రెండో రకం మెషిన్ మీద వేసే మెలికలు. పాము పాకినట్టు ఒకదాన్నొకటి తాకకుండా వంకర్లు తిరుగుతూ బొంతంతా నిండే డిజైను అది. చూడటానికి చాలా బాగుంటుంది. నా దగ్గర అంత పెద్ద మెషిన్ లేదు కాబట్టి ఒక దుకాణంలో ఇచ్చి వేయించాను. వాళ్లు అర అంగుళం ఎడంతో, నైలాన్ దారంతో నింపేశారు. మా కోడలు ఒక రాత్రి కప్పుకుని, "అట్ట కప్పుకున్నట్టుంది అత్తమ్మా" అంది. నిజమే. కుట్టు దట్టమైతే గుడ్డకు వంగే గుణం పోతుంది, దూది నొక్కుకుపోయి వెచ్చదనమూ తగ్గుతుంది. అసలు దెబ్బ ఐదో ఉతుకులో బయటపడింది. పైగుడ్డలో మా అమ్మ నేతచీరల ముక్కలున్నాయి. ఆ పాత నూలు కంటే నైలాన్ దారం గట్టిది. లాగులాట జరిగినప్పుడు దారం తెగకుండా గుడ్డను కోసింది. దారం తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు, అమ్మ చీర చిరిగితే ఏం చేస్తాం? అప్పటి నుంచి నూలుగుడ్డకు నూలు దారమే వాడుతున్నాను. మెలికలు వేయించుకోవాలంటే కనీసం రెండు అంగుళాల ఎడం ఉండాలని కాగితం మీద గీసి ఇవ్వండి. నోటిమాట చాలదు.

ఏకిన దూది బొంతలకు నా ఓటు వజ్రాల గడికే. మూల నుంచి మూలకు ఏటవాలు గీతలు, వాటికి అడ్డంగా మళ్లీ ఏటవాలు గీతలు. రెండు వైపులా కలిపి కుట్టు 90 మీటర్లు దాటుతుంది, అంటే పని రెట్టింపు. అయినా చేస్తాను. ప్రతి గడీ మూసుకుంటుంది, దూది కదలదు. ఇంకో లాభం కుట్టేటప్పుడు తెలుస్తుంది. అతుకులన్నీ నిలువుగా, అడ్డంగా ఉంటాయి. కుట్టు కూడా అలాగే నడిస్తే అతుకు పక్కన మడిచిన గుడ్డ మందం వెంటే పోవాల్సి వస్తుంది. రవ్వంత పక్కకు తప్పినా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఏటవాలు గీత అతుకును దాటిపోతుందే తప్ప దాని వెంట నడవదు. నాలుగు ముక్కలు కలిసే మూల మీదుగా మాత్రం గీత పోకుండా చూసుకోండి. అక్కడ మడతల మీద మడతలుంటాయి. నా సూదులు మూడు వంగింది అక్కడే.

గీతలు గీయడానికి సుద్దముక్క, ముదురు రంగు గుడ్డ మీదైతే అరిగిన సబ్బుముక్క వాడతాను. పొడవాటి గీతకు మేస్త్రీల పద్ధతి బాగుంటుంది. ముగ్గుపిండి అద్దిన దారాన్ని రెండు కొసల్లో బిగించి పట్టి, మధ్యలో లేపి వదిలితే తిన్నని గీత పడుతుంది. మూడు పొరలు పరిచి కచ్చా కుట్టు వేసేటప్పుడు కింద జంపఖానా వేసుకుంటాను. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాయే. కొత్తవాడ మగ్గాల మీద నేసిన ఆ తిన్నని చారల వెంట అస్తరు అంచు పెడితే బొంత వంకర పోదు. ఒకసారి మాత్రం కచ్చా కుట్టు జంపఖానాలోకి దిగి, బొంత ఎత్తబోతే రెండూ కలిసి లేచాయి. మూర పొడవు కుట్టు విప్పాల్సి వచ్చింది.

నాలుగోది నాకు ప్రాణం: మెలికల ముగ్గు. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీత తిప్పుకుంటూ మొదలుపెట్టిన చోటికే చేరే సాదా మెలిక. సంక్రాంతికి వాకిట్లో వేస్తున్నప్పుడు, ఇది బొంత మీద ఎందుకు వేయకూడదు అనిపించింది. కాగితం మీద వేసి చూశాను. 4 వరసల్లో వరసకు 5 చుక్కలు పెడితే మొత్తం ఒకే గీతతో మూసుకుంటుంది. 5 వరసల్లో 5 పెడితే ఐదు వేర్వేరు గీతలు కావాలి. 4, 6 అయితే రెండు. బడిలో నేర్చుకున్న గ.సా.భా., అంటే రెండు అంకెలనూ నిశ్శేషంగా భాగించే అతి పెద్ద అంకె, ఎంతో గీతలు అన్ని! రెండు అంకెల గ.సా.భా. ఒకటైతే గీత ఒక్కటే. అందుకని 13 వరసల్లో వరసకు 20 చుక్కలు, నాలుగుంపావు అంగుళాల ఎడంతో పెట్టాను. అలా పెడితే పక్కపక్క గీతల మధ్య సరిగ్గా బెత్తెడు వస్తుంది. దాదాపు 80 మీటర్ల ఒకే గీత. చేత్తో కుట్టాను కాబట్టి దారం ముక్కలు చాలాసార్లు మారాయి, కానీ ఇప్పుడు ఎటు పోవాలి అని ఒక్కసారి కూడా ఆగలేదు. రెండు నెలలు పట్టింది. గడులన్నీ మూసుకున్నవే కాబట్టి దూది చెక్కుచెదరలేదు. మెషిన్ మీద కూడా ప్రయత్నించాను. ప్రతి మలుపు దగ్గరా బొంత మొత్తాన్ని మెషిన్ సందులోంచి తిప్పాలి. అరగంటకే భుజాలు పడిపోయాయి. మామూలు కుట్టుమెషిన్ ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దనే చెబుతాను.

ఐదోది మా అమ్మమ్మ కుట్టు, చుట్టు కుట్టు. అంచు నుంచి మొదలుపెట్టి చతురస్రంగా చుట్టుకుంటూ మధ్యకు చేరడం. ఆమెను చూసి దూది బొంతకు వేస్తే మధ్యలో బుగ్గలా పొంగింది. ప్రతి చుట్టూ కొంచెం దూదిని, కొంచెం గుడ్డను లోపలికి నెడుతూ వచ్చి, చివరికి అదంతా మధ్యలో పోగయింది. అమ్మమ్మ బొంతలో అసలు దూదే ఉండేది కాదు. నాలుగైదు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అరచేత్తో సవరించుకుంటూ కుట్టేది. చీరల బొంతకైతే ఈ కుట్టును మించింది లేదు. పల్చగా, మెత్తగా, ఒంటికి చుట్టుకున్నట్టు ఉంటుంది. వారానికోసారి ఉతికినా ఏమీ కాదు. అయితే నేను మధ్యలో ముందుగా ఒక గడి కుట్టుకుని, అక్కడి నుంచి బయటికి వస్తాను.

చలి 10 డిగ్రీల కిందికి పడిపోయే ఆదిలాబాద్‌కు వజ్రాల గడి దూది బొంత పంపాను. ఇక్కడ మాకు ఏడాదిలో చాలా నెలలు చీరల బొంత చాలు. మనవరాలు మాత్రం ముగ్గు బొంతే కావాలంటుంది. రాత్రి పడుకునే ముందు వేలు ఒక మెలిక మీద పెట్టి, అది తిరిగి మొదటికి వస్తుందో లేదోనని నడిపిస్తూ ఉంటుంది. ఇంతవరకు సగం దాటలేదు, ఆలోపే నిద్రపోతుంది.