స్లైడెవ్‌ను మలచుకోవడం ఎంతవరకు సుఖం

వెబ్ డెవలపర్ స్లైడ్లు తయారుచేయడానికి కూర్చోగానే అతన్ని ముందుగా విసిగించేది కోడే. మామూలు ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని స్క్రీన్‌షాట్‌గా పెడితే, ఒక్క అక్షరం దిద్దాలన్నా మళ్లీ మొదటికే రావాలి. ఆంథొనీ ఫూ అనే డెవలపర్ రూపొందించగా 2021లో వచ్చిన స్లైడెవ్ అనే స్లైడ్ల పనిముట్టులో ఈ బాధ లేదు. ప్రసంగమంతా ఒక మార్క్‌డౌన్ (తేలిక గుర్తులతో రాసే సాదా పాఠం) ఫైలులో ఉంటుంది, మూడు అడ్డగీతలు స్లైడుకూ స్లైడుకూ మధ్య హద్దు గీస్తాయి, వెనుక వీట్ అనే బిల్డ్ సాధనం, వ్యూ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ పనిచేస్తుంటాయి కనుక ఫైలు సేవ్ చేయగానే బ్రౌజరులో మార్పు కనిపిస్తుంది. ఇంతవరకు తెలిసినవారు చాలామందే ఉంటారు. దీన్ని మన అవసరానికి ఎంతవరకు మలచుకోవచ్చో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది, మలచుకోవడానికి కొత్త విద్య దాదాపు ఏమీ నేర్చుకోనక్కరలేకపోవడం. సరైన పేరున్న ఫోల్డరులో ఫైలు పెడితే చాలు, స్లైడెవ్ దాన్ని తానే గుర్తిస్తుంది. కాంపొనెంట్స్ (మళ్లీ మళ్లీ వాడుకోగల తెర భాగాలు) ఫోల్డరులో ఒక వ్యూ ఫైలు రాసుకుంటే, ఇంపోర్ట్ చేయకుండానే మార్క్‌డౌన్ మధ్యలో దాని పేరుతో ట్యాగు వాడుకోవచ్చు; అందువల్ల రియాక్టివిటీ (విలువ మారగానే తెర తానే మారడం) గురించి మాట్లాడుతున్నప్పుడు, నొక్కితే నిజంగా పెరిగే అంకెను స్లైడులోనే చూపించడం సాధ్యమవుతుంది. ఒక స్లైడులో స్టైల్ ట్యాగు రాస్తే అది ఆ స్లైడుకే పరిమితమవుతుంది. అన్నిటికీ వర్తించవలసిన నియమాలను స్టైల్స్ ఫోల్డరులో ఉంచాలి. ఈ సౌకర్యానికి మరో ముఖం కూడా ఉంది: ప్రతి స్లైడు అడుగునా కనిపించవలసిన పట్టీ కోసం రాసిన ఫైలు పేరులో నేను ఒక అక్షరం తప్పు కొట్టి, పట్టీ ఎందుకు రాలేదో తెలియక రూపురేఖల నియమాలుండే సీఎస్ఎస్ అంతా గాలించాను.

అసలైన బలం లేఅవుట్లలో ఉంది. లేఅవుట్ అంటే స్లాట్లు (విషయం వచ్చి కూర్చునే ఖాళీలు) ఉన్న ఒక వ్యూ కాంపొనెంటే. మన లేఅవుట్స్ ఫోల్డరులో కవర్ అనే పేరుతో ఒక ఫైలు పెడితే, థీమ్‌లోని కవర్ లేఅవుట్ పక్కకు తప్పుకుని మనదే అమలవుతుంది, తక్కినవన్నీ థీమ్ నుంచి యథాతథంగా వస్తాయి. ఈ సంగతి తెలియని కొత్తవారు శీర్షిక నచ్చలేదని థీమ్‌ను ఎజెక్ట్ చేసేస్తారు. ఎజెక్ట్ చేస్తే థీమ్ ఫైళ్లన్నీ మన ప్రాజెక్టులోకి వచ్చిపడతాయి. అప్పటినుంచి ఆ థీమ్‌కు వచ్చే సవరణలు మనకు అందవు, దాని మంచిచెడ్డలన్నీ మన నెత్తినే ఉంటాయి. ఒక్క లేఅవుట్ మార్చడంతో పోయేదానికి అంత బరువు ఎత్తుకోవడం నా దృష్టిలో అనవసరం.

కొలతల విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. కాన్వాస్ (స్లైడు పరుచుకునే తలం) వెడల్పు మొదట 980 పిక్సెళ్లు, నిష్పత్తి 16:9. కోడ్ స్లైడులో పట్టకపోతే చాలామంది అక్షరాల పరిమాణాన్ని చోటుచోటునా తగ్గిస్తూ పోతారు. దానికి బదులు కాన్వాస్ వెడల్పు పెంచితే అన్నీ ఒకే నిష్పత్తిలో చిన్నవవుతాయి. ఇబ్బంది ఒక్క స్లైడుకే అయితే ఆ స్లైడు ఫ్రంట్‌మ్యాటర్‌లో (దాని మొదట్లో రాసే సెట్టింగుల్లో) జూమ్ విలువ ఇస్తే సరిపోతుంది. కోడ్ రంగుల పని షికీ అనే లైబ్రరీ చూసుకుంటుంది, దాని థీమ్‌ను సెటప్ ఫోల్డరు నుంచి మార్చుకోవచ్చు. ఎడిటరులో ముచ్చటగా కనిపించే ముదురు థీమ్ ప్రొజెక్టరు వెలుతురులో బూడిదరంగు ముద్దగా మారవచ్చు కాబట్టి, లేతరంగు థీమ్ కూడా ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం మేలు.

చిక్కులన్నీ ఎగుమతి దగ్గర బయటపడతాయి. కమాండ్ లైన్ నుంచి పీడీఎఫ్ తీయాలంటే, బ్రౌజరును తెర వెనుక నడిపే ప్లేరైట్ క్రోమియంను విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ప్రత్యేకంగా అడగకపోతే, క్లిక్కుతో ఒక్కొక్కటిగా వచ్చే అంశాలన్నీ ఒకే పేజీలో వచ్చేస్తాయి. పవర్‌పాయింట్ ఫైలుగా తీస్తే ప్రతి స్లైడూ ఒక చిత్రమే, అందులోని పాఠాన్ని దిద్దలేము. సహోద్యోగి తన చేతులతో సవరించుకోవాలని అడిగితే ఈ పనిముట్టు అక్కరకు రాదు. పేజీ సంఖ్య చూపే గ్లోబల్ పట్టీ అన్ని స్లైడ్లకూ కలిపి ఒక్కటే కాబట్టి పీడీఎఫ్‌లో అది తడబడే అవకాశం ఉంది. స్లైడుకు ఒకటి చొప్పున ఏర్పడే స్లైడ్-బాటమ్ ఫైలును వాడటం నయం.

వ్యూ రానివారు థీమ్, సీఎస్ఎస్ వరకు హాయిగా వెళ్లగలరు గానీ, సొంత కాంపొనెంట్ దగ్గర ఆగిపోతారు. అలాంటివారికి హెచ్‌టీఎమ్ఎల్, జావాస్క్రిప్ట్‌లతోనే నడిచే రివీల్ జేఎస్, లేదా కేవలం సీఎస్ఎస్‌తో థీమ్ రాసుకునే మార్ప్ తేలిక. స్లైడెవ్‌నే ఎంచుకున్నవారు ఫాంట్ల సెట్టింగును మాత్రం వేదిక ఎక్కకముందే చూసుకోవాలి. హెడ్‌మ్యాటర్‌లో (ఫైలు మొదట్లో మొత్తానికీ రాసే సెట్టింగుల్లో) ఇచ్చిన ఫాంట్ పేరును అది గూగుల్ ఫాంట్స్ నుంచి తెచ్చుకుంటుంది కనుక, ఇంటర్నెట్ లేని హాలులో అక్షరాలు మారిపోయి, కొలిచి పేర్చిన వరుసలు విరిగిపోవచ్చు. ఫాంట్ ప్రొవైడరును తీసేసి, ఫాంట్ ఫైలును ప్రాజెక్టులోనే ఉంచుకుంటే ఆ బెంగ ఉండదు.