ఆస్తి పంపకాల పేచీకి లోక్ అదాలత్: ఖర్చుల పరంగా ఎంతవరకు నయం?

తండ్రి పోయాక ఇల్లూ పొలమూ పంచుకోవడంలో పేచీ వస్తే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ కేసు (దావా వేయకముందే రాజీ కోసం పెట్టుకునేది) పెట్టి లోక్ అదాలత్‌లో తేల్చుకోవడం ఖర్చు దృష్ట్యా మంచి దారే. దరఖాస్తుకు కోర్టు ఫీజు లేదు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. అయితే అంతా ఫ్రీ అనుకుని వెళ్తే చివర్లో పేచీ మళ్లీ మొదలవుతుంది.

కోర్టు దారి సంగతి: ఓడినవాళ్లు ఖర్చులివ్వాలన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్. పార్టిషన్ (ఆస్తి పంపకం) దావాలో అందరూ వాటాదారులే, ఇక ఓడిందెవరు? అందుకే తీర్పు చివర తరచూ కనిపించేది "ఎవరి ఖర్చులు వారే". ఖర్చులు వేసినా వకీలుకు ఇచ్చిందంతా రాదు, రూల్స్‌లో ఉన్న ఫీజు మేరకే. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామని 200 రూపాయల ఫీజుతో దావా వేసేస్తారు. స్వాధీనం లేదని తేలితే వాటా విలువ మీద ఫీజు కట్టాల్సిందే. ప్రిలిమినరీ డిక్రీ (ఎవరి వాటా ఎంతో తేల్చే తొలి తీర్పు) తర్వాత కమిషనర్ (ఆస్తిని చూసి పంచడానికి కోర్టు పెట్టే వ్యక్తి) ఫీజు, సర్వే ఖర్చు మామూలుగా ముందు కట్టేది దావా వేసినవాళ్లు. ఆపైన ఫైనల్ డిక్రీకి (ఎవరి భాగం వారికి విడదీసిచ్చే తుది తీర్పుకు) స్టాంపు పేపర్లు.

వీలునామా, ఎగ్జిక్యూటర్ (దాన్ని అమలు చేయడానికి అందులో పెట్టిన వ్యక్తి) ఉంటే లెక్క వేరు. 1925 నాటి సక్సెషన్ యాక్ట్ 320, 321 సెక్షన్ల ప్రకారం అంత్యక్రియల ఖర్చు పోగా, ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) ఖర్చు, నిర్వహణకు తప్పనిసరైన కోర్టు ఖర్చు ఆస్తిలోంచే తీస్తారు. అంటే గొడవ పడనివాళ్ల వాటా కూడా తరుగుతుంది. ఎగ్జిక్యూటర్ ఆస్తిని దుర్వినియోగం చేస్తే మాత్రం 368 కింద ఆ నష్టం సొంతంగా పూడ్చాలి.

లోక్ అదాలత్‌కు వెళ్లేటప్పుడు మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), పాస్‌పుస్తకం పట్టుకెళ్లాలి. ఒక్కరు ఒప్పుకోకపోయినా అవార్డు (లోక్ అదాలత్ ఇచ్చే రాజీ తీర్పు) రాదు, ఈ సేవకున్న పెద్ద పరిమితి ఇదే. వచ్చిందంటే అప్పీలు లేదు. పెళ్లయిన ఆడపడుచును పార్టీగా చేర్చకుండా రాజీ రాసుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఆమె మీద ఆ అవార్డు చెల్లదు, రేపు ఆమె దావా వేస్తే ఖర్చులన్నీ మొదటికొస్తాయి. సర్వే, స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఎవరెంత, ఎప్పటిలోగా అన్నది అవార్డులోనే అంకెలతో రాయించుకోవాలి. స్టాంపు ఎంత పడుతుందో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడగడం మేలు. కోర్టులో నడుస్తున్న దావా ఇక్కడ రాజీ అయితే కట్టిన ఫీజు వాపసు వస్తుంది. దాన్ని ఒక్కరే తీసుకుంటారా, పంచుకుంటారా అన్నదీ అందులోనే తేల్చుకోవాలి.

అమెరికాలో ఉన్న అన్నయ్య తరఫున ఇంకొకరు సంతకం పెట్టాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. దాని ఖర్చు అన్నయ్యదే.