ఏడాది చందా కట్టాను, 12 సంచికల్లో 5 నలిగి వచ్చాయి

పత్రిక పేరు రాయడం లేదు. అందులో వచ్చే కథల మీద, వ్యాసాల మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు, ఇంకా చెప్పాలంటే తెలుగులో అంత శ్రద్ధగా వేసే మాసపత్రికలు ఇప్పుడు తక్కువ. నేను రాస్తున్నది వాళ్ల పోస్టల్ చందా గురించి, అంటే డబ్బు కట్టాక ఆ పుస్తకం మన ఇంటికి ఏ రూపంలో చేరుతుందనే దాని గురించి. చందా కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి, ముఖ్యంగా నాలాగా చిన్న ఊళ్లలో ఉండేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

మాది నెల్లూరు జిల్లా కావలి పక్కన పల్లె. మా నాయన రిటైరైన అయ్యవారు. ఈ పత్రికను ఏళ్ల తరబడి దాచి, ఏడాది పూర్తవగానే 12 సంచికలూ కలిపి కావలిలో బైండింగ్ చేయిస్తారు. ఇదివరకు బస్టాండు దగ్గర షాపులో కొనేవాళ్లం, షాపాయన మా కాపీ తీసి పక్కన పెట్టేవాడు. కరోనా తర్వాత ఆ షాపుకి వచ్చే కాపీలు తగ్గిపోయాయి, ఒక నెల వస్తే ఒక నెల రాదు. నెల నెలా ఈ టెన్షన్ ఎందుకని పోయిన ఏడాది జనవరి నుంచి నేనే నాయన పేరు మీద చందా కట్టాను.

జనవరి, ఫిబ్రవరి బాగానే వచ్చాయి. మార్చి సంచిక నిలువునా మధ్యకి మడత పడి వచ్చింది. ఏప్రిల్‌ది మూలలు కుక్క చెవుల్లా వంగిపోయి, జూన్‌ది అంచుల్లో గాట్లు పడి. ఆగస్టుది చూసి మాత్రం నాకు నిజంగా కడుపు మండింది. ముఖచిత్రం మీద ఉన్న ముసలమ్మ బొమ్మకి సరిగ్గా నుదుటి నుంచి గడ్డం దాకా మడత, ఆ మడత వెంబడి రంగు లేచిపోయి తెల్లటి గీత, వెనక అట్ట సగం చిరిగి పిన్నుకి వేలాడుతూ ఉంది. చుట్టూ వేసిన కాగితం ఎక్కడ ఊడిపోయిందో తెలీదు, అడ్రసు చీటీ ఒక్కటి ఎట్లాగో అంటుకుని ఉండబట్టి మా ఇంటికి చేరింది.

ఇక్కడ చాలామంది చేసే పని నేనూ చేశాను, నేరుగా పోస్ట్‌మ్యాన్‌ని అడిగాను. ఆయన ఏమీ అనుకోకుండా సైకిల్ స్టాండు వేసి, సంచీలోంచి ఇంకో ఊరికి పోవాల్సిన ఒక పత్రికల కట్ట తీసి నాయనకి చూపించాడు. "ఇట్ట చూడండి అయ్యవారూ, నాకాడికి వచ్చేటప్పటికే ఇట్టుంటాయి." నాయన "నిన్నెవరేమన్నారు నాయనా, కూర్చో" అని మంచినీళ్లు ఇప్పించారు. ఆ కట్ట చూశాకే నాకు అసలు విషయం అర్థమైంది. పత్రికలు అచ్చయ్యే చోట ఊళ్లవారీగా కట్టలు కట్టి పురికొసతో బిగిస్తారు. ఆ బిగింపంతా కట్టలో పైన ఉన్న కాపీ మీదా, అడుగున ఉన్న కాపీ మీదా పడుతుంది, మధ్యలోవి క్షేమం. జూన్ సంచిక అంచుల్లో పడ్డ గాట్లు అవే, వేలు పెట్టి చూస్తే దారం మందం సరిగ్గా సరిపోయింది. ఆ తర్వాత కట్ట గోనెసంచిలోకి పోతుంది, సంచి మీద సంచి పడుతుంది, సార్టింగులో ఒకసారి విప్పుతారు, మళ్లీ వేరే సంచిలో వేస్తారు. మా ఊరు చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో లెక్క వేసుకోండి. ఇన్ని చేతుల మధ్య దానికి ఉన్న రక్షణ ఒక్క పలచటి కాగితం పట్టీ.

మరి ఆ పట్టీ ఎందుకు, మంచి కవరులో పెట్టి అంటించి పంపొచ్చు కదా అని నేనూ అనుకున్నా. దానికి కారణం ఉంది. పత్రికలకి పోస్టులో ఒక రాయితీ రేటు ఉంది, 31 రోజులకి మించకుండా వచ్చే పత్రికలు పోస్టల్ రిజిస్ట్రేషన్ తీసుకుంటే అది వర్తిస్తుంది. ఆ రేటు ఏళ్ల తరబడి 50 గ్రాముల దాకా 25 పైసలు, 100 గ్రాముల దాకా 50 పైసలు, ఆపైన ప్రతి 100 గ్రాములకీ 20 పైసలు. అవును, పైసలే. 150 గ్రాముల పుస్తకం కొన్ని వందల కిలోమీటర్లు దాటి 70 పైసలకి మన గుమ్మంలోకి వస్తుందంటే చిన్న విషయం కాదు, ఈ రాయితీ లేకపోతే సగం చిన్న పత్రికలు ఎప్పుడో మూతపడేవి. కానీ ఆ రేటుకి పంపాలంటే కవరు లేకుండా, లేదా రెండు చివరలా తెరిచి ఉన్న కవరులో పంపాలి, లోపల ఏముందో పోస్టువాళ్లు చూడగలిగేలా. అందుకే ఆ పట్టీ. రెండు చివరలా తెరిచి ఉన్నప్పుడు మూలలు వంగక ఏమవుతాయి, వాన వస్తే తడవక ఏమవుతాయి!

వాన అంటే గుర్తొచ్చింది, మా జిల్లా సంగతి తెలిసిందే కదా. రాష్ట్రంలో చాలా చోట్ల వానలు వెనక్కి పోయే టైములో మాకు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం మీద వాయుగుండం. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ కోసుకుపోయిన సంగతి ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. పోయిన ఏడాది అంత ఘోరం లేదు గానీ మూడు రోజులు ఎడతెరిపి లేని వాన, ఆ వానలో నవంబరు ప్రత్యేక సంచిక వచ్చింది. వచ్చిందంటే, మేం ఊళ్లో లేని పూట వచ్చి మా గేటు దగ్గర పైపులో కూర్చుంది.

ఆ పైపు తప్పు నాదే. పేపరు కోసమని 4 అంగుళాల పీవీసీ పైపు ముక్క కోసి గేటుకి తీగతో కట్టించా. రోజూ వచ్చే పేపరుకి అది బాగుంటుంది. మాసపత్రిక అందులో పట్టాలంటే గుండ్రంగా చుట్టి దూర్చాల్సిందే, పోస్ట్‌మ్యాన్ అదే చేశాడు పాపం. పైపు ఒక వైపు మూసి ఉంది, లోపల నీళ్లు నిలిచి ఉన్నాయి. సాయంత్రం నేను తీసేసరికి పుస్తకం కింది సగం నాని ముద్దయింది.

తర్వాత మేం చేసిన పని ఎవరూ చేయొద్దు. పుస్తకాన్ని అట్నే తీసుకెళ్లి టీవీ పక్కన నిలబెట్టాం, ఆరిపోతుందిలే అని. రెండో రోజుకి ఆరింది, కానీ మధ్యలో 16 పేజీలు ఒకే అట్టముక్కలా అతుక్కున్నాయి. నాయన నిదానంగా గోటితో విడదీయబోతే ఒక పేజీలో అక్షరాలు ఊడొచ్చి ఎదురు పేజీకి అంటుకున్నాయి, ఊడిన చోట తెల్లటి మచ్చలు. ఆయన ఇంకేమీ మాట్లాడకుండా పుస్తకం మూసి బల్ల మీద పెట్టేశారు. ఆయన కోపంగా రెండు మాటలు అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నున్నగా మెరిసే ఆర్ట్ పేపరుకి పైన తెల్లమట్టి లాంటి పూత ఉంటుంది. తడిసినప్పుడు ఆ పూత జిగురవుతుంది, ఎదురు పేజీతో కలిసి ఆరిపోతే ఇక విడదీయలేం. కాబట్టి ఏం చేసినా తడి మీదే చేయాలి. పేజీ పేజీకీ మధ్య తెల్ల కాగితం పెట్టి, పుస్తకాన్ని విచ్చి ఫ్యాన్ కింద ఉంచి, కాగితాలు తడిసినకొద్దీ మారుస్తూ ఉండాలి. ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది, రంగు వెలుస్తుంది. అప్పటికప్పుడు కూర్చుని చేసే టైము లేకపోతే పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి, వినడానికి వింతగా ఉంటుంది గానీ గడ్డకట్టాక పేజీలు అతుక్కోవు, బూజు పట్టదు, తీరిక దొరికినప్పుడు బయటికి తీసి పైన చెప్పినట్టు ఆరబెట్టుకోవచ్చు. మామూలు న్యూస్‌ప్రింట్ పేజీలు ఇంత ఇబ్బంది పెట్టవు. మడత పడి వచ్చినవాటికైతే రెండు చెక్కల మధ్య పెట్టి పైన 25 కిలోల బియ్యం మూట మూడు రోజులు ఉంచితే చాలావరకు సర్దుకుంటాయి, మార్చి, ఏప్రిల్ సంచికలు అట్లానే బాగుపడ్డాయి. రంగు లేచిపోయిన మడత మాత్రం పోదు.

ఇక చందా విభాగం వాళ్ల సంగతి. ఆగస్టులో మెయిల్ పెడితే జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఇంకో కాపీ పంపిస్తామంది, పంపించారు కూడా. కానీ అదే కాగితం పట్టీ వేసి పంపితే అది మాత్రం తిన్నగా ఎందుకు వస్తుంది? అదీ వంగే వచ్చింది. చివరికి బస్టాండు షాపాయన్ని బతిమాలి ఆగస్టు సంచిక విడిగా కొన్నాను. నవంబరులో రెండోసారి ఫోన్ చేసినప్పుడు, ప్రత్యేక సంచిక స్టాకు అయిపోయిందన్నారు. అప్పుడు నేను తగువు పడకుండా ఒక్కటే అడిగాను: "అమ్మా, మేం ఎక్కువ డబ్బు కడతాం, అట్ట పెట్టి, ప్లాస్టిక్ కవరులో మూసి పంపే పద్ధతి ఉందా?" ఉందట! ఏడాదికి అదనంగా 240 రూపాయలు, రాయితీ రేటు వర్తించదు కాబట్టి మామూలు ఛార్జీతో పంపుతారట. ఆ సంగతి చందా ఫారంలో గానీ వెబ్‌సైట్లో గానీ ఎక్కడా లేదు, అడిగినవాళ్లకే చెప్తున్నారు. ఈ ఒక్కదానికే నాకు వాళ్ల మీద కోపం. మొదటి రోజే చెప్పి ఉంటే మొదటి రోజే కట్టేవాణ్ణి.

ఈ జనవరి నుంచి అట్ట పద్ధతిలోకి మారాం. 4 సంచికలు వచ్చాయి, నాలుగూ కొత్తగా అచ్చులోంచి దిగినట్టు ఉన్నాయి. వెనక పెట్టే అట్ట పుస్తకం కంటే అర అంగుళం పెద్దది, మూలలకి తగలాల్సిన దెబ్బ అట్ట తీసుకుంటుంది. పైన "మడవవద్దు" అని తెలుగులో ఎర్రగా రాసి పంపమని కూడా అడిగాను, రాస్తున్నారు.

గేటు దగ్గర పైపు తీసేసి వెల్డింగ్ షాపులో రేకు డబ్బా చేయించా, 900 అయింది. లోపల 12 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు, మూత ముందుకి వాలుగా ఉండి నోటి మీదికి రెండు అంగుళాలు దిగుతుంది, అడుగున నాలుగు చిల్లులు, చిల్లుల పైన రెండు చెక్క పట్టీలు. పుస్తకం ఆ పట్టీల మీద నిలబడుతుంది గనక ఒకవేళ నీళ్లు దిగినా తగలవు. కొలత తీసుకునేటప్పుడు మీకు వచ్చే పత్రికల్లో పెద్దదాన్ని వెంట తీసుకెళ్లండి, నోటితో చెప్తే వెల్డింగ్ ఆయన పోస్టు కార్డు పట్టేంత చేసిపెడతాడు. డబ్బా పెట్టిన రోజు పోస్ట్‌మ్యాన్ ఒకసారి మూత ఎత్తి దించి చూసి "ఇప్పుడు బాగుంది" అన్నాడు.

ఒకే ఊళ్లో నలుగురైదుగురు చందాదారులుంటే ఇంకో దారి ఉంది: అందరి కాపీలూ ఒకే పార్శిల్‌గా ఒక అడ్రసుకి తెప్పించుకోవడం. అట్టపెట్టెలో వస్తే ఎవరి కాపీ మీదా పురికొస పడదు, ఖర్చు పంచుకోవచ్చు. ఆర్టీసీ కార్గోలో కావలి దాకా తెప్పించుకుని ఎవరో ఒకరు వెళ్లి తెచ్చుకున్నా సరే. దీపావళి లాంటి ప్రత్యేక సంచిక ఒక్కదానికైతే స్పీడ్ పోస్టు ఛార్జీ కట్టడం మేలు, ఎక్కడుందో ఫోన్‌లో చూసుకోవచ్చు. మామూలు పోస్టులో వచ్చే పత్రికకి ఆ సౌకర్యం లేదు, పోతే పోయినట్టే.

మార్కులు ఇవ్వమంటే, పత్రికకి 5కి 5. మామూలు చందా ప్యాకింగ్‌కి 1. అట్ట ప్యాకింగ్‌కి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానంటే ఆ సంగతి దాచిపెట్టినందుకు. మా పోస్ట్‌మ్యాన్‌కి 5, ఎండల్లో రోజూ అన్ని ఊళ్లు తిరిగే మనిషి.

చదివి పడేసే పుస్తకానికి ఇంత హడావుడి ఎందుకు అంటారేమో. నా చిన్నప్పుడు నాయన నన్ను వేటపాలెం తీసుకెళ్లారు, సారస్వత నికేతనం చూపించడానికి. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి పోయింది. 1918లో మొదలైన గ్రంథాలయం, పాత పత్రికలు ఏళ్లవారీగా బైండు చేసి బీరువాల్లో ఉంటాయి. నాయన ఒక ఫైలు తీయించుకుని, పేజీలు పొరపాటున విరక్కుండా అరచేయి కింద పెట్టి తిప్పడం నాకింకా గుర్తుంది. ఎవరో ఒకరు మడత పడకుండా దాచబట్టే కదా అవి మా చేతికి వచ్చాయి.

పోయిన ఏడాది సంచికలు ఫిబ్రవరిలో బైండింగ్‌కి ఇచ్చాం. నవంబరుది ఆ మచ్చల కాపీయే పెట్టాల్సి వచ్చింది. ఇచ్చే ముందు నాయన కావలి గ్రంథాలయానికి రెండు పూటలు వెళ్లి, అక్కడి కాపీ చూసి, మా దాంట్లో ఊడిపోయిన వాక్యాలన్నీ తెల్ల కాగితం మీద నల్ల సిరాతో రాసుకొచ్చారు. ఏ పేజీకి ఆ పేజీ ఎదురుగా ఆ కాగితాలు కుట్టించారు.