నోరు కట్టుకోవాలా, వేళ పెట్టుకోవాలా?

బరువు తగ్గుతున్నప్పుడు నోరు కట్టుకోవడం ఒక ఎత్తు, తగ్గాక ఆ బరువు దగ్గరే ఉండడం మరో ఎత్తు. తగ్గేటప్పుడు వారం వారం కాటా తక్కువ చూపిస్తుంటే ఆ సంబరంలోనే చాలా వదిలేయగలం. తర్వాత ఆ సంబరం ఉండదు. అంకె కదలకపోవడమే గెలుపు, దానికి చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరుంటారు? సరిగ్గా అప్పుడే సాయంత్రం బిస్కెట్లు, టీవీ ముందు చిప్స్, పిల్లలు ప్లేట్లో వదిలేసినవి మెల్లగా తిరిగొస్తాయి.

దీన్నంతా నిగ్రహం లేకపోవడం కింద జమకట్టేస్తాం గానీ, ఒళ్లు కూడా ఊరుకోదు. 2011లో వెలువడిన మెల్‌బోర్న్ పరిశోధనలో బరువు తగ్గినవాళ్లను ఏడాది తర్వాత మళ్లీ పరీక్షించారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ అప్పటికీ ఎక్కువగానే ఉంది, ఒంట్లో నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ తక్కువగానే ఉంది. అమెరికా శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం 2016లో వేసిన లెక్క ప్రకారం, తగ్గిన ప్రతి కిలోకీ ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి రోజుకు 20–30 కేలరీలు తగ్గుతుంది, ఆకలి మాత్రం 100 కేలరీల దాకా పెరుగుతుంది. కాబట్టి నిగ్రహం మీద భారం ఎంత తక్కువ పడితే ఆ పద్ధతి అంత ఎక్కువ కాలం నిలుస్తుంది. చిరుతిండిని అదుపులో పెట్టుకోవడానికి ఉన్న మూడు దారులనూ నేను చూసేది ఈ లెక్కలోనే.

మొదటిది, భోజనాల మధ్య అసలేమీ ముట్టకపోవడం. దీని బలమంతా రూలు సూటిగా ఉండడంలో ఉంది. ‘ఒక్కటే కదా’ అని మనతో మనం బేరమాడే పని ఉండదు. మాటిమాటికీ కొంచెం కొంచెం తింటేనే మెటబాలిజం చురుగ్గా ఉంటుందని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. తిండిని అరిగించుకోవడానికి అయ్యే ఖర్చు మొత్తం మీద ఎంత, ఏమి తిన్నామన్నదాన్ని బట్టి ఉంటుంది, ఎన్నిసార్లు తిన్నామన్నదాన్ని బట్టి కాదు. భోజనంలో ప్రొటీన్, పీచు బాగా ఉండి, పూటకూ పూటకూ మధ్య నాలుగైదు గంటలే ఉంటే ఈ దారి హాయిగా సాగుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు తిని, రాత్రి తొమ్మిదికి మళ్లీ తినేవాళ్లకు మాత్రం కష్టం. అంత ఆకలితో కూర్చున్నప్పుడు, మానేసిన చిరుతిండికి రెట్టింపు ఆ ఒక్క పూటలోనే లోపలికి పోతుంది. ఇంకో చిక్కు ఉంది. రూలు ఒకసారి తప్పితే ‘ఇవాళ్టికి ఎలాగూ చెడింది’ అని మిగతా రోజంతా వదిలేస్తాం. నష్టం చేసేది తప్పిన ఆ ఒక్కసారి కాదు, వదిలేసిన మిగతా రోజు.

రెండోది అందరూ చెప్పే సలహా: చిప్స్ బదులు గింజలు, స్వీటు బదులు పండు. నాకు మాత్రం దీని మీద నమ్మకం తక్కువ. 2011లోనే అమెరికాలో ఒక చిత్రమైన ప్రయోగం జరిగింది. సినిమా హాల్లో కొందరికి అప్పుడే చేసిన పాప్‌కార్న్, కొందరికి వారం రోజుల కిందటిది ఇచ్చారు. హాల్లో పాప్‌కార్న్ తినే అలవాటు బలంగా ఉన్నవాళ్లు, బాగాలేదని తెలిసినా పాతదాన్ని కూడా తాజాదానంతే తిన్నారు. అదే మీటింగ్ గదిలో ఇస్తే అలా తినలేదు. హాల్లోనే అలవాటు లేని చేత్తో తినమన్నా తగ్గించేశారు. అంటే చేతిని నడిపించింది రుచీ కాదు, ఆకలీ కాదు. ఆ చోటు, చేతి అలవాటు. గిన్నెలో సరుకు మార్చినా సోఫా అక్కడే ఉంది, టీవీ అక్కడే ఉంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. పైగా బాదం, జీడిపప్పు లాంటివి మంచివే గానీ 30 గ్రాములకే సుమారు 170 కేలరీలు. డబ్బా ఒళ్లో పెట్టుకుంటే 30 గ్రాముల దగ్గర ఎవరు ఆగుతారు? మార్చుకోవాలనే ఉంటే నీరు ఎక్కువగా ఉండే పండ్లు, కూరగాయ ముక్కలు నయం. పొరపాటున ఎక్కువ తిన్నా పెద్దగా మునిగిపోం.

మూడోది, రోజుకు ఒక్క చిరుతిండి, దానికో వేళ. ఏం తినాలో ముందే అనుకుని, కొలిచి ప్లేట్లో పెట్టుకుని, స్క్రీన్ లేకుండా కూర్చుని తినడం. 150–200 కేలరీలు చాలు. దీన్ని రోజు లెక్కలో కలుపుకోవాలి, భోజనాలకు అదనంగా చేరిస్తే పద్ధతి పెట్టుకుని మరీ బరువు పెరుగుతాం. ఇందులో నాకు నచ్చింది, తినమనే సూచన టీవీ నుంచి గడియారానికి మారడం. ఐదు గంటలకు ఉందని తెలిస్తే నాలుగింటికి వచ్చే కోరికను వాయిదా వేయడం తేలిక, కాదనడం కంటే ఆగమనడం సులువు కాబట్టి. ఆ వేళకు ఆకలి లేకపోతే మానేయొచ్చు, వేళయిందని తినాల్సిన పనిలేదు.

తేల్చి చెప్పమంటే, పగటికి మూడోదే మేలు. రాత్రి భోజనం తర్వాత మాత్రం మొదటిదే, మినహాయింపులు లేకుండా. ఆ వేళ తినేది చాలావరకు ఆకలికి కాదు, అలసటకో, విసుగుకో. పళ్లు తోముకుని వంటగది లైటు ఆపేస్తే సగం పని అయినట్టే. రెండోదాన్ని పగటి ప్లేట్లో ఏం పెట్టుకోవాలన్న మేరకు వాడుకుంటే చాలు. షుగరుకు ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా పడగొట్టే మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా చిరుతిండి మానకూడదు.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు మారిపోతుందన్న మాట నమ్మి నిరాశపడకండి. లండన్‌లో కొత్త అలవాట్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో అవి కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. తొందరగా కుదిరినవాళ్లకు 18, ఆలస్యమైనవాళ్లకు 254 అని లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. ఈలోగా వారానికొకసారి బరువు చూసుకోండి. ఒక్క వారం పెరిగితే అది ఉప్పు, నీళ్ల తేడా కావచ్చు. మూడు వారాలు వరుసగా పెరుగుతుంటే మాత్రం భోజనంలో కోత పెట్టకముందు, రాత్రి భోజనం తర్వాత ఏం తింటున్నారో రాసి చూసుకోండి.