ఇన్‌స్టాల్-పీర్‌డెప్స్: చాలాకాలంగా వాడుతున్న టూల్‌పై సమీక్ష

జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఎన్‌పీఎం, 2015లో వచ్చిన తన మూడో వెర్షన్‌లో, పీర్ డిపెండెన్సీలను (ఒక ప్యాకేజీ తనతో పాటు ప్రాజెక్టులో ఉండాలని కోరే ఇతర ప్యాకేజీలను) తనంతట తానుగా ఇన్‌స్టాల్ చేయడం మానేసి, ఫలానా ప్యాకేజీ లేదని హెచ్చరించి ఊరుకోవడం మొదలుపెట్టింది. ఆ హెచ్చరికలు చదివి, ఒక్కో పేరునూ వెర్షన్‌నూ చేత్తో టైపు చేసుకునే పని డెవలపర్ నెత్తిన పడింది. ఆ పనిని తప్పించడానికి పుట్టిన చిన్న కమాండ్ లైన్ టూలే ఇన్‌స్టాల్-పీర్‌డెప్స్. ప్యాకేజీని అప్పటికప్పుడు తెచ్చి నడిపే ఎన్‌పీఎక్స్‌తో నేరుగా నడపవచ్చు కాబట్టి దీన్ని సిస్టమ్‌లో ప్రత్యేకంగా పెట్టుకోనక్కరలేదు.

నేను దీన్ని ఎక్కువగా వాడింది కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్ కోసమే. దానికి ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ తయారుచేసిన నియమాల సెట్ అయిన ఎయిర్‌బీఎన్‌బీ కాన్ఫిగ్ 19.0.4ను రియాక్ట్ లైబ్రరీ వాడే ప్రాజెక్టులో పెట్టాలంటే ఈఎస్‌లింట్‌తో పాటు ఇంపోర్ట్, జేఎస్‌ఎక్స్-ఏ11వై, రియాక్ట్, రియాక్ట్-హుక్స్ అనే నాలుగు ప్లగిన్లు కావాలి. కాన్ఫిగ్ పేరు ఒక్కటి ఇచ్చి, డెవ్ ఫ్లాగ్ తగిలిస్తే, ఈ టూల్ ప్యాకేజీలు దొరికే ఆన్‌లైన్ రిజిస్ట్రీలో ఆ ప్యాకేజీ వివరాలు చూసి, దానినీ దాని పీర్లనూ ఒకే కమాండ్‌తో డెవ్ డిపెండెన్సీలుగా (కోడ్ రాసే దశలో మాత్రమే కావలసినవిగా) చేర్చేస్తుంది. కాన్ఫిగ్ ముందే ఉంటే పీర్లను మాత్రమే తెచ్చే ఆప్షన్ కూడా ఉంది. అయితే నా దృష్టిలో దీనిలోని అసలు సొగసు డ్రై రన్‌లో ఉంది: ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా, తాను నడపబోయే కమాండ్‌ను మాత్రం తెరపై చూపిస్తుంది. నేను ఏ పాత ప్రాజెక్టులోనైనా ముందు దాన్ని చదివి, వెర్షన్లు సరిపోతాయనుకున్నాకే ముందుకు వెళ్తాను.

దీని చూపు మాత్రం మీరు పేరు చెప్పిన ప్యాకేజీని దాటదు. ప్రాజెక్టులో ఇప్పటికే ఉన్న మరో ప్లగిన్ వేరే ఈఎస్‌లింట్ వెర్షన్ అడుగుతోందేమో ఇది పట్టించుకోదు. ఆ గొడవ తర్వాత వెర్షన్లు పొసగడం లేదని ఎన్‌పీఎం చూపించే ఈరిజాల్వ్ ఎర్రర్‌గా బయటపడుతుంది. అప్పుడు పీర్ల గొడవ పట్టించుకోవద్దని చెప్పే లెగసీ-పీర్-డెప్స్ ఫ్లాగ్‌తో నోరు మూయించడం కంటే, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ కోరుతోందో కూర్చుని చూసుకోవడమే మేలు.

2020లో ఎన్‌పీఎం 7 పీర్లను మళ్లీ స్వయంగా ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టింది. 2023లో అలాంటిదే మరో టూల్ పీఎన్‌పీఎం 8 కూడా దాన్ని డిఫాల్ట్ చేసింది. దాంతో ఈ టూల్ అవసరం చాలావరకు తగ్గిందన్నది నిజమే. కానీ ఎన్‌పీఎం అలా తెచ్చిన పీర్లు ప్యాకేజీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోకి, కచ్చితమైన వెర్షన్లు నమోదయ్యే లాక్ ఫైల్‌లోకి చేరతాయే తప్ప, ప్రాజెక్టుకు కావలసిన ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజీ.జేసన్‌లో కనబడవు. స్క్రిప్టులో నేరుగా పిలిచే ఈఎస్‌లింట్ వంటిది అందులో పేరుతో సహా ఉండాలని నేను పట్టుబడతాను. ఈ టూల్ ఆ పని అడగకుండానే చేసిపెడుతుంది. ఇక ఎన్‌పీఎం బదులు వాడే యార్న్ 1తో నడిచే పాత కోడ్‌బేస్‌లకు, అక్కడ పీర్లు తమంతట తాము రావు కనుక, నేను ఇప్పటికీ యార్న్ ఫ్లాగ్‌తో దీన్నే వాడుతున్నాను. కోడ్‌ను ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసి పరీక్షించే సీఐలో మాత్రం దీన్ని ఎన్నడూ పెట్టను. అక్కడ వెర్షన్లు లాక్ ఫైల్ నుంచే రావాలి.